ఓర్లాక్ తల ఎందుకు తిప్పాడు? ఒక ఫ్యాన్ ఎడిట్ కేసు

నేపథ్యం

ఈ కేసులో మనిషి గురించిన వివరాలు కొన్ని మార్చాను. ఊరు, ఆఫీసు, సినిమా వేసిన హాలు చెప్పడం లేదు. అతను సరేనన్నాకే రాస్తున్నాను. సినిమా పేరు మాత్రం దాచడం కుదరదు, విషయమంతా అందులోనే ఉంది. 1922లో ఎఫ్.డబ్ల్యూ. మూర్నౌ తీసిన జర్మన్ మూకీ చిత్రం 'నోస్ఫెరాతు'.

నేను సినిమా ఎడిటర్ని. ఆదివారాలు కుర్ర ఎడిటర్లు కొందరు తమ కట్స్ తెచ్చి చూపిస్తుంటారు. ఇతను ట్రైలర్లు, యాడ్ ఫిల్ములు కట్ చేసే చోట అసిస్టెంటు. చెయ్యి చురుకు, చెవి ఇంకా చురుకు. పాత హారర్ సినిమాలంటే ప్రాణం. వాటిని ఈ కాలం ప్రేక్షకుడి కోసం మళ్లీ కూర్చడం, అంటే ఫ్యాన్ ఎడిట్ చేయడం, అతని రాత్రి పని.

మన దగ్గర ఇది మరీ కొత్త సంగతేం కాదు. విడుదలైన మూడో రోజే 'పన్నెండు నిమిషాలు ట్రిమ్ చేశాం' అని పోస్టరేసిన సినిమాలు ఎన్ని చూడలేదు! చిన్న సెంటర్లలో ఆపరేటరే పాట లేపేసిన రోజులూ ఉన్నాయి. కాబట్టి దర్శకుడి కూర్పు ముట్టుకోరానిది అనే పట్టింపు నాకు మొదటి నుంచీ తక్కువే. ఈ కేసులో నేను చేసిన తప్పు కూడా ఆ పట్టింపు లేనందువల్ల జరిగింది కాదు. ఉన్నట్టుండి అది ఎక్కువైనందువల్ల జరిగింది.

ఎదురైన సమస్య

అతని దగ్గరున్న ప్రింట్ 64 నిమిషాలు. దాన్ని 41 నిమిషాలకు కుదించి, తెలిసినవాళ్ల ఫిల్మ్ క్లబ్బులో వేశాడు. జనం భయపడలేదు సరికదా, ఒకచోట గట్టిగా నవ్వారు. రెండోసారి వేరే వాళ్లకు వేస్తే సరిగ్గా అక్కడే మళ్లీ నవ్వు. "ఇంకా ల్యాగ్ ఉంది సార్, మరో పది నిమిషాలు లేపేస్తే సరిపోతుంది" అంటూ హార్డ్ డిస్క్ పట్టుకొచ్చాడు.

మూర్నౌ 'తప్పులు' అని అతను సరిదిద్దినవి ఇవి. రాత్రి సీన్లు పట్టపగల్లా ఉన్నాయని గ్రేడింగులో, అంటే వెలుగూ రంగూ దిద్దే పనిలో, బాగా నల్లబరిచాడు. మనుషులు గబగబా, కీలుబొమ్మల్లా నడుస్తున్నారని మొత్తం సినిమాను నెమ్మది చేసి, మధ్యలో సాఫ్ట్‌వేర్ పుట్టించిన ఫ్రేములు నింపి నున్నగా చేశాడు. హీరో భార్య ఎలెన్ సముద్రపు ఒడ్డున కూర్చునే సీన్లు, నిద్రలో నడిచే సీన్లు, పిచ్చాసుపత్రి, ప్రొఫెసర్ పాఠం అన్నీ ఎత్తేశాడు. పిశాచి కౌంట్ ఓర్లాక్ మొహం మొదటి నిమిషంలోనే చూపించాడు. అతను తెర మీదికి వచ్చిన ప్రతిసారీ ధడేల్మనే శబ్దం ఒకటి.

ఇందులో ట్రైలర్ కట్ చేసే చెయ్యి కనిపిస్తూనే ఉంది. ట్రైలర్లో ఉన్న సరుకంతా ముందే పరవాలి, ఎవరి కోసమూ ఆగకూడదు. ఆ అలవాటే ఇక్కడా పనిచేసింది.

టైమ్‌లైన్, అంటే కంప్యూటర్లో షాట్లు వరసగా పేర్చిన పట్టీ, తెరవకుండానే ఒక ప్రశ్న వేశాను: "ఇది ఏ ప్రింట్?" నెట్‌లో దొరికిందన్నాడు. నలుపు తెలుపు, షాట్ల మధ్య మాటలు చూపించే టైటిల్ కార్డులు ఇంగ్లీషులో, ఓర్లాక్ పేరు డ్రాకులా, హీరో హట్టర్ పేరు జొనాథన్ హార్కర్. ఆ పేర్లు చూడగానే అనుమానం రావాలి. ఈ సినిమా బ్రామ్ స్టోకర్ నవల 'డ్రాకులా'ను అనుమతి తీసుకోకుండా, పేర్లు మార్చి తీసింది. జర్మన్ మూలంలో డ్రాకులా అనే పేరే లేదు. తర్వాతెవరో విదేశీ ప్రింట్ల కోసం కార్డులు తిరగరాస్తూ ఆ పేర్లు పెట్టారు. అంటే మావాడు మూర్నౌను ఎడిట్ చేస్తున్నాననుకుని, ఎవరో అప్పటికే ఎడిట్ చేసినదాన్ని ఎడిట్ చేస్తున్నాడు.

ఎవరి తప్పు?

మొదటి నిర్ణయం: ఒక్క కట్ కూడా ముట్టుకోకుండా, అతని ఫిర్యాదులు ఒక్కొక్కటీ ఎవరి ఖాతాలోకి వెళ్తాయో తేల్చడం. దర్శకుడిదా, ప్రింటుదా, ప్రింటును డిజిటల్‌కి ఎక్కించినవాళ్లదా? డాక్టరు ముందు టెస్టులు రాస్తాడు గదా, అలాంటిదే. మందు పని చేయకపోతే డోసు పెంచే ముందు జబ్బు అదేనా అని చూసుకోవాలి. మావాడు డోసు పెంచుదామంటున్నాడు.

పట్టపగలు కనిపించే రాత్రి ప్రింటు తప్పు. ఆ రోజుల్లో ఫిల్ముకు రాత్రి ఆరుబయట తీసేంత శక్తి లేదు. పగలే తీసి, పాజిటివ్ ప్రింటుకు నీలిరంగు అద్దేవారు. ఆ నీలం చూస్తే అది రాత్రి అని ప్రేక్షకుడికి తెలుసు. దీపం వెలుగుకీ పగటికీ పసుపు ఛాయ, తెల్లవారుజాముకు గులాబీ. రంగు అద్దిన ప్రింటు నుంచి ఎవరో నలుపు తెలుపు కాపీ తీయగానే రాత్రి కాస్తా పోయింది. దాంతో ఓర్లాక్ శవపేటికను చంకన పెట్టుకుని ఎర్రటి ఎండలో ఊళ్లో తిరిగేవాడయ్యాడు. సూర్యకాంతికి పిశాచి చచ్చిపోవడం స్టోకర్ నవలలో లేదు, అక్కడ డ్రాకులా పగలు కూడా తిరుగుతాడు. ఎండకు చావడమన్నది ఈ సినిమా పెట్టిన నియమం. నియమం పెట్టిన సినిమాయే దాన్ని తప్పినట్టు చూపించింది ఆ రంగు పోయిన ప్రింటు.

గబగబా నడక డిజిటల్‌కి ఎక్కించినవాళ్ల తప్పు. దీనికి కాగితం మీద లెక్క వేయించాను. 1922లో సినిమా నిడివి 1,967 మీటర్లు. 35 ఎంఎం ఫిల్ములో మీటరుకు సుమారు 52.5 ఫ్రేములు, అంటే మొత్తం లక్షా మూడు వేల పైచిలుకు. సెకనుకు 18 ఫ్రేముల చొప్పున ఆడిస్తే దాదాపు 96 నిమిషాలు. మాటల సినిమా వేగంతో, 24 చొప్పున లాగిస్తే 72. అతని ప్రింట్ 64 నిమిషాలు 24 వేగంతో ఉంది. దాన్ని 18కి దించితే 85. కాబట్టి వేగం తప్పు ఒకటైతే, అసలు నుంచి పది నిమిషాల సరుకు ఎప్పుడో రాలిపోయింది. 'ల్యాగ్ ఉంది' అన్న సినిమా నిజానికి పరిగెడుతోంది, పైగా చిక్కిపోయి ఉంది. ఈ అంకె చూసి అతను చాలాసేపు మాట్లాడలేదు.

ఇక అడవిలో ఓర్లాక్ గుర్రబ్బండి. అది కుదుపులతో, మనుషుల వేగం కాని వేగంతో వస్తుంది. కాసేపు తెర మీద నెగటివే కనిపిస్తుంది, చెట్లు తెల్లగా దయ్యాల్లా నిలబడతాయి. ఇది ప్రింటు తప్పు కాదు, మూర్నౌ, కెమెరామన్ ఫ్రిట్జ్ ఆర్నో వాగ్నర్ కావాలని చేసింది. హట్టర్ మన లోకం దాటి అవతలి లోకంలో అడుగుపెట్టాడని చెప్పేది ఆ కుదుపే. మావాడు సినిమా మొత్తానికి ఒకే మందు వేశాడు గనక ఆ బండీ నున్నబడింది, పెళ్లి ఊరేగింపు బండిలా తయారైంది.

మూడు ఫిర్యాదులు పైకి ఒకే రకంగా ఉన్నాయి: 'పాతది, సరిగ్గా లేదు.' ఖాతాలు మాత్రం మూడు.

నేను చేసిన తప్పు

ఇంత తేలాక నాకు ఉత్సాహం ఎక్కువైంది. మూర్నౌ ఏం చేయాలనుకున్నాడో అదే చేద్దామన్నాను. వేగం 18కి మార్చాం, ఫ్రేములు కలపకుండా, ప్రతి మూడో ఫ్రేమును ఇంకోసారి చూపించే పాత పద్ధతిలో. రంగులు అద్దాం. సీన్ల వరస కోసం పునరుద్ధరించిన డిస్క్ కొని చూశాం. ప్యారిస్‌లోని సినిమాటెక్ ఫ్రాంసేజ్ అనే సినిమా భాండాగారంలో దాచిన, రంగు అద్దిన పాత ప్రింటు ఆధారంగా 2005, 2006ల్లో చేసిన పునరుద్ధరణ అది. అందులోంచి షాట్లు ఎత్తుకొద్దామని అతను అన్నాడు, నేను వద్దన్నాను. మన చట్టంలో సినిమాకు కాపీరైట్ 60 ఏళ్లు. 1922 నాటి సినిమాకు అది ఎప్పుడో తీరిపోయింది. కానీ కొత్తగా చేసిన టైటిల్ కార్డులు, కొత్తగా రికార్డు చేసిన సంగీతం వేరేవాళ్ల సొత్తు. చూసి నేర్చుకోవడం వరకే, సరుకు మాత్రం మన ప్రింటులోంచే అని గీత గీసుకున్నాం.

85 నిమిషాల ఆ కూర్పును పన్నెండు మందికి వేశాం. ఎవరూ నవ్వలేదు. ఎవరూ భయపడలేదు కూడా. అరగంట దాటాక ఒడిలో ఫోన్లు వెలిగాయి. అయిపోయాక మర్యాదగా చప్పట్లు. "మ్యూజియం చూపించినట్టుంది సార్" అన్నాడు తర్వాత టీ కొట్టు దగ్గర. నొచ్చుకున్నాను. కానీ నిజం.

ఎక్కడ చెడింది? 'దర్శకుడి ఉద్దేశం' ఎక్కడో భద్రంగా ఉంటుందనీ, మురికి తుడిస్తే బయటపడుతుందనీ అనుకున్నాను. ఈ సినిమా విషయంలో అలాంటిదేం మిగల్లేదు. స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ కేసు వేస్తే, 1925లో బెర్లిన్ కోర్టు నెగటివ్‌నీ ప్రింట్లనీ నాశనం చేయమంది. మనం చూస్తున్నది అప్పటికే దేశాలు దాటిపోయి బతికిన కాపీలు. హాన్స్ ఎర్డ్‌మన్ కట్టిన సంగీతం పూర్తిగా దొరకలేదు. దీన్నే తిరగేసి 1930లో 'పన్నెండో గంట' అనే అర్థం వచ్చే పేరుతో, శబ్దం జోడించి, సుఖాంతం అతికించి వదిలారు, మూర్నౌ ప్రమేయం లేకుండానే. అంటే ఫ్యాన్ ఎడిట్ల కంటే ముందే వ్యాపారస్తుల ఎడిట్ వచ్చేసింది. సినిమానే ఇంకొకరి నవలను చెప్పాపెట్టకుండా తిరగరాసిన పని. ఇన్ని చేతులు పడ్డదాని ముందు మేం మడి కట్టుకు కూర్చున్నాం.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటి. నిపుణులు ఏళ్ల తరబడి చేసిన పునరుద్ధరణ అందుబాటులో ఉండగా, మేం చిరుగుల ప్రింటుతో దానికి నాసిరకం నకలు తీశాం. అభిమాని కూర్పుకు ఉన్న ఒకే ఒక్క సమర్థన అది 'ఇంకో చూపు' కావడం. ఆ చూపును నేనే తీసేశాను. కాబట్టి రెండే దారులు: ఆపేయడం, లేదా ఇది మా కూర్పు అని ఒప్పుకుని చేయడం. రెండోది ఎంచుకున్నాం. మొదట్లో ఒక కార్డు పెట్టాం: ఏ ప్రింటు నుంచి, ఎంత తీసేశాం, మూర్నౌ కూర్పు చూడాలంటే ఏది చూడాలి, అని.

నవ్వు వచ్చిన చోటు

ఇప్పుడు అతని 41 నిమిషాల కట్‌కే తిరిగి వెళ్లాను. రెండుసార్లూ జనం నవ్విన చోటు ఒక్కటే గదా, అదే వేయమన్నాను.

ఓర్లాక్ కోటలో రాత్రి. హట్టర్ మంచం మీద ఒదిగి ఉన్నాడు. ఓర్లాక్ అతని మీదికి వస్తున్నాడు, నీడ ముందు పడుతోంది. ఉన్నట్టుండి ఆగాడు. తల పక్కకి తిప్పాడు. వెనక్కి వెళ్లిపోయాడు. గ్యాస్ కట్టేయడం మర్చిపోయి గుర్తొచ్చినవాడిలా! నవ్వు రాక ఏమవుతుంది?

మూర్నౌ కూర్పులో అక్కడ ఎలెన్ ఉంది. ఎక్కడో దూరాన విస్‌బోర్గ్ ఊళ్లో నిద్రలో లేచి నడిచిన ఆవిడ మంచం మీద నుంచి చేతులు చాచి భర్తను కేకేస్తుంది. కట్. ఓర్లాక్ తల తిప్పుతాడు. ఇద్దరి మధ్య దేశాలున్నాయి, అయినా ఒకే గదిలో ఉన్నట్టు ఆమె ఇటు చూస్తుంది, అతను అటు చూస్తాడు. సినిమా మొత్తానికి ఆయువుపట్టు ఆ ఒక్క కట్. హట్టర్ను కాపాడింది అదే, ఓర్లాక్‌కు ఎలెన్ ఎదురైందీ అక్కడే, చివర ఆమె గదికి అతను ఎందుకు వస్తాడో చెప్పేదీ అదే. 'ల్యాగ్' అని ఎలెన్‌ను తీసేస్తే పిశాచి మతిమరుపు ముసలాడయ్యాడు.

ఇక్కడ అతనికి 1931 నాటి 'ఫ్రాంకెన్‌స్టీన్' చెప్పాను. చెరువు గట్టున చిన్నపిల్లతో ఆడుకుంటూ, పువ్వుల్లాగే తేలుతుందనుకుని ఆ జీవి పాపను నీళ్లలోకి విసిరేస్తుంది. సెన్సారు కత్తెరకు ఆ విసరడం పోయింది. మిగిలిందేమిటి? పాప వైపు చాచిన చేతులు, కాసేపటికి తండ్రి చేతుల్లో శవం. మధ్యలో ఏం జరిగిందో ప్రేక్షకుడు ఊహించుకోవాలి, ఆ ఊహ అసలుదానికంటే ఘోరం. తీసేసిన షాట్ తనతోనే పోదు, పక్కనున్న షాట్లకు కొత్త అర్థం అంటించి పోతుంది.

ఆ రోజు నుంచి ఒకే పద్ధతి పెట్టుకున్నాం. ప్రతి సీనుకు ఒక చీటీ: 'ఇక్కడ ప్రేక్షకుడు దేని కోసం ఎదురుచూస్తున్నాడు?' ట్రిమ్ చేశాక కూడా ఆ ఎదురుచూపు మిగిలితే ట్రిమ్ మంచిదే. మూర్నౌ మనసులో ఏముందో మాకు తెలియదు. ఎదురుచూపు మాత్రం తెర మీద ఉంది, చూసి పట్టుకోవచ్చు, పదిమందికి వేసి పరీక్షించవచ్చు.

ఈ పద్ధతి రెండువైపులా కోసింది. ప్రొఫెసర్ బుల్వర్ విద్యార్థులకు పురుగుల్ని తినే మొక్కను చూపించే పాఠం ఉంచాలని నా పట్టు. ప్రకృతిలోనే రక్తపిశాచులున్నాయని చెప్పే సీను అది, నాకు ఇష్టం. "ఇక్కడ దేనికోసం ఎదురుచూస్తున్నాం సార్?" అన్నాడు. చీటీ మీద రాయడానికి నాకేం దొరకలేదు. రెండు షాట్లకు కుదించాం. చూసినవాళ్లెవరికీ లోటు తెలియలేదు. నాకు మాత్రం ఇప్పటికీ తెలుస్తోంది.

ఓర్లాక్ మొహం మొదటి నిమిషంలో చూపించడం తనంతట తనే మానుకున్నాడు. ధడేల్ శబ్దాల మీద మాత్రం వాదన నడిచింది. ఉలిక్కిపడటం వేరు, బిగుసుకుపోవడం వేరు. ఓర్లాక్ మీద పడడు, తలుపులో నిలబడతాడు, వస్తాడు, వస్తూనే ఉంటాడు. వచ్చేది కనిపిస్తున్నవాడికి శబ్దంతో హెచ్చరిక ఎందుకు? ఆ చోట్ల ఆర్ఆర్, అంటే నేపథ్య సంగీతం, పూర్తిగా తీసేశాం. అయితే అతను ఊరుకోలేదు. 'సైకో'లో షవర్ హత్యకు సంగీతం వద్దన్నది హిచ్‌కాకే, సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వినకుండా వయొలిన్లు రాసి వినిపిస్తే ఒప్పుకున్నాడు, మరి అక్కడ దర్శకుడి ఉద్దేశం ఏది, అని అడిగాడు. మంచి ప్రశ్న. ఓడ సీన్లకు అతని శబ్దం ఉంచాం: కొయ్య మూలుగు, నీళ్లు, అంతే.

తెలుగులో వచ్చిన చిక్కు

ప్రేక్షకులందరూ తెలుగువాళ్లే కాబట్టి కార్డులు తెలుగులో రాద్దామన్నాడు. వారంలో అయిపోతుందనుకున్న పని నెల పట్టింది, అందులో సగం ఒక్క కార్డు దగ్గరే.

ఓర్లాక్ ఓడలో వస్తున్నాడు. హట్టర్ నేల మీద గుర్రంపై వస్తున్నాడు. రెండు ప్రయాణాలనూ మార్చి మార్చి చూపిస్తూ, మధ్యలో మూర్నౌ ఎలెన్‌తో అనిపిస్తాడు: అతను వస్తున్నాడు, నేను అతని దగ్గరికి వెళ్లాలి. ఎవరు? భర్తా, పిశాచా? జర్మన్‌లో ఒకే సర్వనామం ఇద్దరికీ సరిపోతుంది. ఆ కార్డుకు ముందు కనిపించేది ఓడ. ఆవిడకే తెలియకుండా ఆవిడ ఎవరి కోసం ఎదురుచూస్తోందో అనే గగుర్పాటు అంతా ఆ సర్వనామంలో ఉంది.

తెలుగులో 'ఆయన వస్తున్నారు' అంటే భర్త. ఇంకెవరూ కాదు. 'వాడు వస్తున్నాడు' అంటే పిశాచి. 'అతను' అంటే 1838 నాటి ఇల్లాలు భర్తను అలా అంటుందా అని ప్రేక్షకుడి మనసు పక్కదారి పడుతుంది. మన మర్యాదే ఇక్కడ గుట్టు విప్పేస్తోంది. అతని మొదటి కార్డు 'ఆయన వచ్చేస్తున్నారు!' దాంతో సముద్రపు ఒడ్డు సీను సంక్రాంతికి అల్లుడి కోసం చూస్తున్నట్టు తయారైంది. కర్తను తీసేశాం, క్రియలో 'డు', 'రు' బయటపెడుతున్నాయి. చివరికి క్రియనే తప్పించాడు: 'వచ్చే వేళయింది. నేను వెళ్లాలి.' ఎవరు వచ్చే వేళో చెప్పదు. వెళ్లేది ఎదురు వెళ్లడమా, వెళ్లిపోవడమా అన్నదీ చెప్పదు. మూలం కంటే ఇదే ఒక మెట్టు పైన ఉందని నా అనుమానం, కానీ అతని ముందు అనలేదు.

ఈ కార్డు కుదిరాకే ఒడ్డున శిలువల మధ్య ఎలెన్ కూర్చునే షాట్ పూర్తి నిడివితో వెనక్కి వచ్చింది. మొదట ల్యాగ్ అని తీసేసిన షాటే అది.

ఫలితం, మిగిలినవి

చివరి కూర్పు 68 నిమిషాలు. అడవి బండి కుదుపులతోనే ఉంది. పదిహేను మందికి వేశాం, మొదటి రెండు ఆటలు చూసినవాళ్లు వారిలో నలుగురు. ఓర్లాక్ తల తిప్పినప్పుడు నవ్వు రాలేదు. ఓడ వచ్చే సీన్ల దగ్గర మాత్రం మళ్లీ ఒక ఫోన్ వెలిగింది, అక్కడ ఇంకా పని ఉంది. నలుగురిలో ఒకతను అప్పటిదానికంటే ఇది చిన్నగా ఉందన్నాడు. నిజానికి 27 నిమిషాలు పెద్దది.

ఇలాంటి కేసు మళ్లీ వస్తే ప్రింటు ప్రశ్న తర్వాత నేరుగా నవ్వు వచ్చిన చోటికే వెళ్తాను. ఆ క్లూ మొదటి రోజే నా చేతిలో ఉంది. నేను దాన్ని పక్కన పెట్టి, రెండు నెలలు మూర్నౌకు గుడి కట్టే పనిలో పడ్డాను. అతను కట్ చేసిన చోట తప్పుంది గానీ, పక్కవాళ్లకు వేసి చూడాలన్న బుద్ధి అతనికే ముందు పుట్టింది. వేగం, రంగు దిద్దడం ఎవరైనా నేర్పుతారు. ఒక షాట్ ఎవరి చూపుకు జవాబో కనిపెట్టడం మాత్రం పక్కన కూర్చుని, ముందుకూ వెనక్కూ తిప్పితే తప్ప రాలేదు.

ఒక్క గొడవ తేలలేదు. చివర తెల్లవారి, తెర గులాబీ రంగుకు మారి, ఓర్లాక్ పొగై కరిగిపోయేచోట అతనికి పియానో కావాలి, నాకు నిశ్శబ్దం. టైమ్‌లైన్‌లో ఆ ట్రాకు ఇప్పటికీ ఉంది. నేను వచ్చే ఆటకు దాన్ని మ్యూట్ చేస్తాడు.